చూసే పిట్ట బరువు

రెండేళ్ల కిందట జులైలో, మూడు రోజుల ముసురు తర్వాత తెరిపిచ్చిన ఒక పొద్దున, నేనొక వెదురు పొద కింద బోర్లా పడుకుని ఉన్నాను. బెల్లంపల్లి నుంచి బండి మీద అరగంట దూరం. ఇంతకంటే వివరంగా ఎక్కడో చెప్పను. ఎందుకు చెప్పనో ఈ వ్యాసంలో తెలుస్తుంది.

నా ముక్కుకు జానెడు దూరంలో ఒక పుట్టగొడుగు. మామూలుగా మనం కూర వండుకునేది కాదు. తెల్లటి కాడ, కాడ మీద చిన్న టోపీ, టోపీ అంచు నుంచి చుట్టూ కిందికి దిగిన తెల్లని జాలీ. పెళ్లికూతురు ముసుగులా ఉంటుందని కొందరంటారు, నాకైతే మా అమ్మ పాతకాలం పాలగిన్నె మీద కప్పే అల్లిక గుర్తొచ్చింది. శాస్త్రం పేరు ఫాలస్ ఇండూసియాటస్. నేలలో కోడిగుడ్డంత గుడ్డులా ఉండి, తెల్లవారుజామున పగిలి, చూస్తుండగానే లేస్తుంది. మధ్యాహ్నానికల్లా వాలిపోతుంది. టోపీ మీద ముదురాకుపచ్చ జిగురు, ఆ జిగురుకి కుళ్లిన కంపు. ఆ కంపుకి ఈగలు వస్తాయి, కాళ్లకు అంటించుకుని పోయి దాని సిద్ధబీజాలను ఊరంతా చల్లుతాయి. అంత అందం, అంత కంపు ఒకే కాడ మీద ఉండటం చూసినవాళ్లకు దేవుడి మీద కాస్త అనుమానం రాక మానదు.

కెమెరా కింద ఇసుక సంచి పెట్టుకుని, ఊపిరి బిగబట్టి తీస్తున్నాను. వెనక నుంచి గొంతు.

"ఏం సారూ, గట్ల బోర్ల వన్నవేంది? పురుగు బూషి కరిస్తే?"

తల తిప్పి చూస్తే ఓ అవ్వ. అరవై దాటి ఉంటాయి. నెత్తి మీద గంప, గంపలో మోదుగాకులు పరిచి, వాటి మీద తెల్లటి పుట్టగొడుగులు. 

"పుట్టగొడుగు ఫొటో తీస్తున్ననవ్వా."

వంగి చూసింది. "గిదా? గిది కుక్కగొడుగు. కంపు రాట్లేదా నీకు? తినేటిది కాదు."

"తినేటందుకు కాదు. ఊకె చూసెటందుకు."

"తిననిదానికి గింత తండ్లాటనా!" అని నవ్వుకుంటూ పోయింది.

నేనూ నవ్వాను. కానీ లోపల కాస్త గర్వం కూడా కలిగింది, దాచడమెందుకు. ఆమె కోసుకుపోతోంది. నేను కోయడం లేదు. ఆమెకు కావలసింది కూర. నాకు కావలసింది ఏమీ లేదు. అడవి నుంచి ఏమీ తీసుకోకుండా పోతున్న మనిషిని నేను. ఆ గర్వం నాకు పదిహేను రోజులు కూడా నిలవలేదు.

*

ముందు ఆవిడ గంప గురించి చెప్పాలి. పుట్టగొడుగు అనే మాటలోనే సగం శాస్త్రం ఉంది. పుట్ట మీది గొడుగు. ఆవిడ గంపలో ఉన్నవి నిజంగా చెదపుట్టల మీద లేచేవే, టర్మిటోమైసెస్ జాతివి. చెదపురుగులు పుట్ట లోపల ఆకునీ కర్రనీ నమిలి, ఆ పిప్పితో తేనెపట్టులాంటి దొంతర్లు కట్టి, వాటి మీద ఈ శిలీంధ్రాన్ని పెంచుకుంటాయి. తమకు అరగని కర్రను అది అరగదీసిపెడుతుంది, అవి దాన్ని కాపాడతాయి. మనం వ్యవసాయం మొదలుపెట్టి పదివేల ఏళ్లు అయితే, వాటి వ్యవసాయానికి దాదాపు మూడు కోట్ల ఏళ్లు. వానలు పడ్డాక ఆ దొంతర్ల నుంచి పొడుగాటి వేరులాంటి కాడ మట్టిని చీల్చుకుంటూ పైకొచ్చి గొడుగు విప్పుతుంది. బటన్ పుట్టగొడుగులను షెడ్లలో పెంచినట్టు వీటిని పెంచే ఉపాయం మనిషికి ఇంకా చిక్కలేదు. చెదలు చేసేదాన్ని మనం చేయలేకపోతున్నాం. అందుకే వానాకాలంలో రోడ్డు పక్కన ఆకు మీద పోసి అమ్మితే అంత ధర.

ఆ తర్వాత ఆ అవ్వతో పరిచయం పెరిగాక, ఆవిడ కోసే పద్ధతి రెండు మూడుసార్లు చూశాను. పుట్టను తవ్వదు. కాడను మెలిపెట్టి లాగి, గుంతలో మట్టి వేసి అరిచేత్తో అదుముతుంది. బాగా విచ్చుకుని అంచులు చిరిగినవాటిని వదిలేస్తుంది. "అవి ఇడిసిపెట్టాలె" అంటుంది, ఎందుకని అడిగితే "మా అవ్వ ఇడిసిపెట్టేది" అంటుంది. ఒక పుట్ట దగ్గర రెండు నిమిషాలు. మళ్లీ నడక. ఆవిడ అడుగులు కూడా ఒకే దారిన పడతాయి, ఏటా అదే దారి.

నేను ఆ పొద్దున ఒక్క కంపుగొడుగు దగ్గర గంటా నలభై నిమిషాలు ఉన్నాను. ఫొటోల మీద టైము ఉంటుంది కాబట్టి ఖచ్చితంగా చెప్పగలను.

*

ఉపనిషత్తులో రెండు పిట్టల బొమ్మ ఒకటుంది, చాలామందికి తెలిసినదే. ముండకోపనిషత్తులో కనిపిస్తుంది, అంతకు ముందు ఋగ్వేదంలోనూ ఉంది. ఒకే చెట్టు మీద రెండు పిట్టలు, చెలికాళ్లు. ఒకటి పండు తింటుంది. రెండోది తినకుండా ఊరికే చూస్తుంటుంది. జీవుడూ పరమాత్మా అని వ్యాఖ్యాతలు చెప్పారు. ఆ సంగతి వాళ్లకు వదిలేద్దాం. నాకు ఆ బొమ్మ ఇంకో దారిలో చేరింది. 1943లో చనిపోయిన ఫ్రెంచి తత్వవేత్త సిమోన్ వేల్ ఈ పిట్టలను తీసుకుని ఒక మాట చెప్పింది. ఆవిడ పోయిన ఏడేళ్లకు అచ్చయిన పుస్తకంలో ఉందది. చూడటం, తినడం అనేవి రెండు వేరువేరు పనులు కావడమే మనిషి జీవితంలోని పెద్ద దుఃఖం అంటుంది. అందమైనదాన్ని చూసి ఊరుకోలేక తినబోవడం నుంచే చాలా పాపాలు పుడతాయి అన్నది ఆవిడ భావం. అంతకు ముందు కాంట్ కూడా, 1790లో, అందాన్ని చూసి కలిగే ఆనందంలో ఆ వస్తువు నాకు కావాలన్న కోరిక ఉండదు, అదే దాని గుర్తు అని రాశాడు.

ఇవన్నీ చదివి నాలాంటివాడు ఏమనుకుంటాడు? నేను చూసే పిట్టనే కదా అనుకుంటాడు. బడిపంతులుగా ముప్పై ఏళ్లు పనిచేశాను, పెన్షన్ వస్తుంది, కూరకు పుట్టగొడుగులు కోయాల్సిన అవసరం లేదు. అవసరం లేకపోవడాన్ని గుణమనుకోవడం మా తరగతి మనుషులకు పాత అలవాటు.

ఆ ఫొటో బాగా వచ్చింది. ఎండ జాలీలోంచి దూరి వెనక ఆకుల మీద గడులు గడులుగా పడింది. మా ఫొటోల గ్రూపులో పెట్టాను. మంచిర్యాల, కరీంనగర్, హైదరాబాద్ వాళ్లు నూరు మందికి పైగా ఉంటారు. పొగిడారు. ఎక్కడ అని అడిగారు. చెప్పాను. మాటల్లో చెప్తే దారి తప్పుతారని ఫోన్లో జాగా గుర్తు పెట్టి పంపాను. ఏ పొద దగ్గరో తెలిసేలా పొద ఫొటో కూడా పెట్టాను. ఆ క్షణంలో నేను చేస్తున్నది మంచిపనే అనిపించింది. నాకు దొరికిన ఆనందాన్ని నేనొక్కణ్నే దాచుకోవడం లోభం కదా.

పన్నెండు రోజుల తర్వాత మళ్లీ పోయాను. పొద ముందు బండ్లు ఆపిన జాడలు. వెదురు గడలు రెండు వెనక్కి విరిచి ఉన్నాయి, వెలుతురు రావడానికి. నేల మీది ఆకుల పొర అంతా పక్కకు ఊడ్చి, నున్నగా, అరుగు అలికినట్టు ఉంది. ఫొటోలో పుల్లలు పడకుండా అన్నమాట. మోకాళ్లు ఆనిన గుంతలు, స్టాండు కాళ్లు దిగిన గుంతలు, బూటు అచ్చులు. అచ్చుల్లో నలిగిన గుడ్లు. ఇంకా లేవని గుడ్లవి, లోపలి జిగురు బయటికొచ్చి చీమలు పట్టాయి. నేను లెక్కపెట్టినవి పదకొండు. ఒక్కటి కూడా ఎవరూ కోయలేదు. ఎవరూ తినలేదు. వచ్చినవాళ్లంతా నాలాంటివాళ్లే, చూసే పిట్టలు.

*

కోపం వచ్చింది, ముందు వాళ్ల మీద. ఇంటికొచ్చి రాత్రి నా పాత ఫొటోలు తిరగేస్తుంటే ఆ కోపం మెల్లగా తలదించుకుంది. పదేళ్లలో నేను తీసినవాటిలో ఎన్నింటి చుట్టూ నేల శుభ్రంగా ఉందో చూసుకున్నాను. పుట్టగొడుగు చుట్టూ నేల అంత శుభ్రంగా అడవిలో ఉండదు. ఫొటోలు తీసేవాళ్లు దీనికి ముద్దుగా గార్డెనింగ్ అని పేరు పెట్టుకున్నారు. గడ్డిపోచ తీసేయడం, ఆకు జరపడం, చిన్న బ్రష్‌తో మట్టి దులపడం, స్ప్రేతో నీళ్లు చిమ్మి వాన కురిసినట్టు చేయడం. నేనూ చేశాను. ఒకసారి, టేకు మొద్దు మీద ఉన్న గూడు పుట్టగొడుగులను, అవి పిట్ట గూట్లో గుడ్లు పెట్టినట్టు ఉంటాయి, చినుకు గిన్నెలో పడితే ఆ గుడ్లు ఎగిరి మూడడుగుల దూరం దాకా పడతాయి, వాటిని మొద్దుతో సహా జరిపి వెలుతురులో పెట్టాను. మళ్లీ దాని చోట పెట్టానా? గుర్తు లేదు. గుర్తు లేదంటే పెట్టలేదనే అర్థం.

ఆ తర్వాత వెతికి చదివినవాటిలో ఒకటి నన్ను బాగా పట్టుకుంది. స్విట్జర్లాండ్‌లో లా షనేయాజ్ అనే అడవిలో 1975లో మొదలుపెట్టి 29 ఏళ్లు ఒక పరిశీలన చేశారు. కొన్ని గళ్లలో పుట్టగొడుగులన్నీ పీకేసేవాళ్లు, కొన్నింటిలో కోసేసేవాళ్లు, కొన్నింటిని ముట్టకుండా వదిలేసేవాళ్లు. 2006లో ఫలితం అచ్చేశారు. కోయడం వల్ల తర్వాతి ఏళ్లలో వచ్చే పుట్టగొడుగులు తగ్గలేదు, రకాలూ తగ్గలేదు. తగ్గినది తొక్కడం వల్ల. మనుషులు నడిచిన చోట పైకి లేచేవి తగ్గిపోయాయి. అయితే నేల లోపలి దారాలకు దెబ్బ తగిలిన జాడ మాత్రం కనపడలేదని కూడా వాళ్లు రాశారు. ఆ మాట నాకు కొంచెం ఊపిరి పోసింది.

కారణం తెలిసినదే. మనకు కనిపించే గొడుగు చెట్టు కాదు, కాయ. చెట్టు నేలలో ఉంటుంది, సన్నని దారాలుగా, ఎకరాల మేర కూడా. మామిడికాయ తెంపితే చెట్టు చావదు. కానీ పూత మీద బండలు వేస్తే కాయ ఉండదు. స్విస్ అడవిలో తేలిన లెక్క మా వెదురు పొదకు ఉన్నదున్నట్టు వర్తిస్తుందని అనను. నేల వేరు, వాన వేరు, ఆ గొడుగుల జాతులే వేరు. కానీ నలిగిన పదకొండు గుడ్లకు స్విట్జర్లాండ్ సాక్ష్యం అక్కర్లేదు కదా.

మరి ఇప్పుడు ఆ రెండు పిట్టల్లో ఏది నిర్దోషి? ఉపనిషత్తు బొమ్మలో చెట్టుకొమ్మ గురించి ఎవరూ మాట్లాడరు. రెండు పిట్టలూ కొమ్మ మీదే కూర్చున్నాయి. చూసే పిట్ట చూస్తూ ఉండటానికి కూడా ఎక్కడో ఒకచోట కాళ్లు ఆనించాలి. వేల్ చెప్పింది తప్పని కాదు. చూడటం, తినడం వేరువేరు పనులే. కానీ తినకపోతే చాలు ముట్టుకోనట్టే అనుకున్నాం చూడండి, అక్కడ మోసపోయాం. పైగా తినేవాడికి ఒక హద్దుంది. కడుపు నిండుతుంది, గంప నిండుతుంది. చూపుకు గంప లేదు. అవ్వ గంప నిండగానే ఇంటికి పోతుంది, నేను మెమరీ కార్డు నిండితే ఇంకో కార్డు వేస్తాను.

*

ఇంతకంటే నన్ను కుదిపిన సంగతి వేరే ఉంది. 

నేను పుట్టగొడుగుల ఫొటోలు పెట్టిన ప్రతిసారీ వచ్చే మొదటి ప్రశ్న ఒకటే. తినొచ్చా? మొదట్లో విసుక్కునేవాణ్ని. అందం చూడరా బాబూ అంటే తిండి గురించి అడుగుతారేమని. ఒకసారి విసుగులో, ఒక తెల్ల గొడుగు ఫొటో కింద, ఇది టర్మిటోమైసెస్ రకంలా ఉంది, ఆ జాతివి తింటారు అని రాసి వదిలేశాను. నాలుగు రోజులకు, నాకు ముఖం తెలియని ఒకాయన ఫోను చేశాడు. మా ఇంటి వెనక ఇవే లేచినయి సార్, మీ ఫొటోతో పోల్చి చూసినం, సేమ్ టు సేమ్, పొయ్యి మీద పెట్టినం, ఉప్పు ముందు వెయ్యాల్నా తర్వాతనా అని అడుగుతున్నాడు. దించమన్నాను. ఎందుకు సార్ అన్నాడు. ముందు దించమన్నాను. దించాక, పుట్ట మీద లేచాయా అని అడిగితే, పుట్ట లేదు, చెట్టు మొదట్లో అన్నాడు. పీకినప్పుడు అడుగున సంచిలాంటిది ఉందా అంటే, కోసినం సార్, పీకలే అన్నాడు. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారట.

అవి విషం గొడుగులో మంచివో నాకు ఈరోజుకీ తెలియదు. తెలియకపోవడమే అసలు విషయం. ఫొటోలో గొడుగు పైభాగం కనిపిస్తుంది. కాడ అడుగున సంచి ఉందా, గొడుగు కింది మడతల రంగేమిటి, తెల్ల కాగితం మీద రాత్రంతా బోర్లిస్తే రాలే సిద్ధబీజాల పొడి ఏ రంగు, ఇవేవీ కనిపించవు. అమానిటా జాతిలోని విషం వంటతో పోదు. తిన్న వెంటనే ఏమీ కాదు. ఆరేడు గంటలో, పన్నెండు గంటలో గడిచాక వాంతులు, విరేచనాలు. తర్వాత ఒక రోజు తగ్గినట్టే ఉంటుంది. ఆ తగ్గిన రోజే లోపల కాలేయం పోతుంటుంది. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని పదిమందికి పైగా చనిపోయారు, తేయాకు తోటల కూలి కుటుంబాలవాళ్లు ఎక్కువ. వాళ్లేమీ అడవి తెలియనివాళ్లు కాదు.

ఆ ఫోను తర్వాత ఒక మెలిక ఎదురైంది. ఒక పుట్టగొడుగు ఏదో సరిగ్గా చెప్పాలంటే దాన్ని వేళ్ల దాకా పీకాలి. అంటే, కోయను, ముట్టను అన్న నా వ్రతమే నా మాటను అబద్ధం చేస్తోంది. అడుగు చూడకుండా పేరు రాశాను కాబట్టే ఆ గిన్నె పొయ్యి మీదికెక్కింది. నా చేతులకు మట్టి అంటకుండా ఉంచుకున్నందుకు ఇంకెవరి పిల్లలో మూల్యం చెల్లించేవాళ్లు. ఇప్పుడు, పేరు చెప్పదలుచుకుంటే ఒకటి పీకుతాను. పీకని రోజు పేరు చెప్పను. పళ్ల డాక్టర్లు వాడే బుల్లి అద్దం ఒకటి సంచిలో పెట్టుకున్నాను, గొడుగు కిందికి దూర్చి మడతలు చూడటానికి. అది కొంతవరకే పనికొస్తుంది. తినొచ్చా అన్న ప్రశ్నకు మాత్రం ఒకే జవాబు, ఫొటో చూసి తినకండి. ఆ ప్రశ్న మీద ఇప్పుడు విసుగు లేదు. అడవిని చూసి అడగదగిన ప్రశ్నల్లో అదే పాతది, అదే బాధ్యత ఉన్నది.

పేర్ల గురించి ఒక పక్కమాట. కొన్నేళ్ల కిందట ఓ వానాకాలం, మాకు రైలెక్కితే గంటలోపు వచ్చే కాగజ్‌నగర్ అడవుల్లో ఆకాశనీలం రంగు పుట్టగొడుగు కనపడిందని పత్రికల్లో వచ్చింది. న్యూజిలాండ్‌లో ఉండేది, ఆ దేశపు యాభై డాలర్ల నోటు మీద బొమ్మ ఉండేది, ఎంటొలోమా హాక్‌స్టెటెరి అదేనన్నారు. చూడటానికి అంత అందంగానే ఉంది. కానీ నీలం ఎంటొలోమాలు ఒక్కటి కాదు, అనేకం. ఏది ఏదో సూక్ష్మదర్శిని కింద పెడితే గానీ తేలదు. మనకు మాత్రం డాలరు నోటు మీది పేరే కావాలి. ఇక్కడిదై ఉండి, ఇంకా పేరులేనిదై ఉంటే? ప్రపంచంలో ఉండొచ్చని అంచనా వేసిన శిలీంధ్రాలు ఇరవై లక్షల పైమాటే, పేరు పెట్టినవి లక్షన్నర చిల్లర. పైగా పత్రికల్లో మొదటిసారి కనుగొన్నారు అని రాస్తారు. మొదటిసారి ఎవరికి? తునికాకు తెంపడానికి ఆ అడవిలో తిరిగినవాళ్లకు కళ్లు లేవా?

*

ఇక్కడ ఒక మిత్రుడు నన్ను గట్టిగా నిలదీశాడు. ఆయన మాటలో బలముంది కాబట్టి రాయాలి.

చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? అన్నాడు. నువ్వు ఉన్న ఊరేమిటో మర్చిపోయావా? కైరిగూడ, డోర్లి ఓపెన్ కాస్టులు చూడలేదా? అడవిని లెక్కగట్టేటప్పుడు చెట్లు లెక్కబెడతారు, పులి అడుగులు లెక్కబెడతారు, నేల మీది ఈ గొడుగులు ఎవరి లెక్కలోనూ లేవు. నీ ఫొటో, ఫలానా చోట ఫలానాది ఉందన్న రికార్డు, అదొక్కటే వాటికున్న సాక్ష్యం. నువ్వు దాస్తే పదకొండు గుడ్లు మిగులుతాయి, రేపు నలభై గజాల మట్టి గుట్ట వచ్చి పడితే పొదే ఉండదు. అప్పుడు ఇక్కడ ఏముండేదో చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. మా బాపు బాయి పని చేశాడు. ఇరవై తొమ్మిదేళ్లు దిగి ఎక్కాడు. మా చిన్నప్పుడు చెప్పేవాడు, లోపల పైకప్పుకు ఊతంగా పెట్టిన పాత కర్రలకు తెల్లగా దూదిలాంటిది పట్టేదని, దీపం పడితే మెరిసేదని, చేత్తో తుడిస్తే చల్లగా ఉండేదని. అది శిలీంధ్రమని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. నేను చదువుకున్నది, ఈ కెమెరా కొన్నది, అన్నీ నేల కింద తవ్వి తీసినదాని మీదే. బొగ్గు ఏర్పడిన రోజుల్లో కర్రను కుళ్లబెట్టే శిలీంధ్రాలు ఇంకా పుట్టలేదు కాబట్టే చెట్లు కుళ్లకుండా పోగుపడి బొగ్గయ్యాయని ఒక వాదన ఉండేది. 2016లో కొందరు శాస్త్రవేత్తలు అది నిలవదని చూపించారు, తడి నేలా భూమి కుంగుబాటూ చాలన్నారు. నాకు ఆ పాత వాదనే ఇష్టం, అబద్ధమైనా సరే. పుట్టగొడుగులు ఆలస్యంగా వచ్చాయి కాబట్టి మా ఊరు పుట్టింది అనుకోవడంలో ఒక సుఖముంది. అదలా ఉంచితే, ఇలాంటి ఊళ్లో పుట్టి, ఇలాంటి జీతం తిని, బూటు అచ్చుల గురించి నీతి చెప్పడం ఎంత చిన్న సంగతో నాకు తెలుసు.

అయినా మిత్రుడి వాదనలో ఒకచోట మడత ఉంది. రికార్డు వేరు, దారి చూపడం వేరు. ఐనాచురలిస్ట్ లాంటి చోట్ల, అపాయంలో ఉన్న జీవుల చోటును దాచి, ఇరవై కిలోమీటర్ల గడిలో ఎక్కడో ఒక చుక్క మాత్రం చూపిస్తారు. పరిశోధన చేసేవాళ్లు అడిగితే అసలు చోటు ఇవ్వొచ్చు. అంటే సాక్ష్యం ఉంటుంది, జాతర ఉండదు. నేను ఆ రోజు గ్రూపులో చేసింది సాక్ష్యం చెప్పడం కాదు. పొగడ్తకు బదులుగా చోటు ఇచ్చాను. పొగిడారు, ఇచ్చాను. బేరం అది. మంచితనమని దానికి నేను పెట్టుకున్న పేరు తర్వాతది.

మిత్రుడు ఒప్పుకోలేదు. గడిలో చుక్క చూసి ఏ బుల్‌డోజరూ ఆగదు అన్నాడు. అదీ నిజమే. ఒకనాడు ఆ పొదను కాపాడటానికి పొద ఎక్కడుందో అరిచి చెప్పాల్సిన రోజు వస్తే చెప్తాను. అప్పుడు తొక్కినా ఫర్వాలేదు, నిలబెట్టుకోవడానికి వచ్చిన కాళ్లవి. ఆ రోజు వచ్చిందో లేదో నాకు తెలుస్తుందా అంటే, దానికి నా దగ్గర జవాబు లేదు.

*

అవ్వను మళ్లీ కలిసింది ఆ ఏడాది ఆగస్టులో. పొద సంగతి చెప్పాను, నేను చోటు చెప్పానని కూడా చెప్పాను. ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదు. చిన్నపిల్లాడు అన్నం పళ్లెం తన్నితే చూసే చూపు.

"జాగ చెప్తరా ఎవలన్న?" అంది.

ఆవిడ ఎవరికీ చెప్పదట. ఇంటి పక్కవాళ్లకు చెప్పదు. సొంత తోడికోడలికి చెప్పలేదు. ఎటు పోతున్నవని అడిగితే కట్టెలకని చెప్తుంది. కూతురికి మాత్రం, పెళ్లయి పోయే ముందు, ఒక వానాకాలం వెంట తిప్పి చూపించిందట. ఆ కూతురు ఇప్పుడు బల్లార్షా దిక్కు ఉంది, ఆ చోట్లతో దానికి పనిలేదు.

ఇది నాకు చాలా రోజులు మింగుడు పడలేదు. దాచుకునే అవ్వది స్వార్థం. పంచుకున్న నాది ఉదారం. అయినా ఆవిడ స్వార్థం నలభై ఏళ్లుగా పుట్టలను నిలబెట్టింది, నా ఉదారం పన్నెండు రోజుల్లో పొదను అలికేసింది. దీని నుంచి స్వార్థమే మంచిదని సూత్రం లాగితే తప్పు. ధర పెరిగిన ఏడాది, అదే స్వార్థంతో, పుట్టలను గడ్డపారలతో తవ్వినవాళ్లనూ చూశాను. ఆవిడది వట్టి స్వార్థం కాదేమో కూడా. ఏటా మళ్లీ రావాల్సిన మనిషి చోటును కాపాడుకునే తీరు అది. నాకు ఆ పొద దగ్గరికి మళ్లీ రావాల్సిన పని లేదు. ఫొటో ఉంది కదా. వచ్చినవాళ్లెవరికీ మళ్లీ వచ్చే పని లేదు. ఒక్కసారి చూసి పోయేవాడి ప్రేమకూ, ఏటా వచ్చేవాడి ఆకలికీ తేడా ఉంది. అడవి ఏదైనా కోరుకోగలిగితే రెండోదాన్నే కోరుకునేదేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది. ఒక్కోసారి ఆ మాట నేనే అవ్వ మీద మోజుతో అంటున్నానని కూడా అనిపిస్తుంది.

నిరుడు వానాకాలం అంతా ఆ పొద దగ్గరికి పోలేదు. ఈ జులైలో ఒకసారి, దూరం నుంచి, బండి దిగకుండా చూసి వచ్చాను. ఆకుల పొర మళ్లీ పడింది. కింద ఏముందో తెలియదు. చూడాలంటే దగ్గరికి పోవాలి.

మొన్న ఆదివారం పొద్దున్నే అవ్వ మా ఇంటి ముందు నిలబడింది. మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయట, గుట్ట దిక్కు ఒక్కతే ఎక్కలేకపోతున్నదట. గంప మోయడానికి మనిషి కావాలి. 

"వస్తవా సారూ?"

వస్తానన్నాను. చెప్పులు తొడుక్కుంటుంటే నా జేబు వైపు చూసింది.

"గది ఇంట్ల పెట్టి రా."

ఫోను తీసి టీవీ మీద పెట్టాను. కెమెరా సంచి గోడకు వేలాడుతోంది. దాన్ని కూడా ఒకసారి చూసి, ఏమీ అనకుండా, ముందు నడిచింది.